కల్వర్టు కింద వెతికి, చెట్టు కింద కూర్చున్నాం

పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ సుబేదార్ జవాబులు

పోయిన సంచికలో మందుపాతరలు వెతికే పని గురించి నాలుగు ముక్కలు రాశాను. అందులో ఒకచోట, తిరుగుబాటు ఏళ్ల తరబడి సాగితే రెండు పక్షాలూ ఒకరి దగ్గర ఒకరు చదువుకుంటారని అన్నాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ మాటనే పట్టుకున్నాయి. అందుకని ఈసారి ఆ ఒక్క విషయానికే జవాబులు రాస్తున్నాను. నేను సైన్యంలో ఇంజనీర్ రెజిమెంటువాణ్ని. ఇరవై నాలుగేళ్ల సర్వీసులో తొమ్మిదేళ్లు రోడ్లు తనిఖీ చేయడంతోనే సరిపోయింది. రిటైరయ్యాక ఇలాంటి యుద్ధాల చరిత్ర చదవడం అలవాటైంది. కాబట్టి ఇక్కడ రాసేదాంట్లో కొంత చూసింది, కొంత చదివింది. ఏ ప్రాంతంలో పనిచేశావని కొందరు అడిగారు. అది చెప్పను. ఈ విషయానికి దాంతో పనిలేదు కూడా.

ప్రశ్న: సుబేదార్ గారూ, చంపుకునేవాళ్ల మధ్య చదువేమిటండీ? ఎవరు ఎవరికి పాఠం చెబుతారు? - ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఎవరూ చెప్పరు బాబూ. అవతలివాడు మనల్ని చూసి నేర్చుకుంటాడు. చూస్తున్నాడని మనకు తెలియదు. ముందు ఒక చెట్టు సంగతి చెబుతాను.

రోజూ తెల్లవారుజామున పద్నాలుగు కిలోమీటర్ల రోడ్డు మేం తనిఖీ చేసి ఇస్తేగానీ కాన్వాయ్ కదిలేది కాదు. రోడ్ ఓపెనింగ్ పార్టీ అంటాం దాన్ని. రోడ్డుకి రెండు పక్కలా మనుషులు, ముందు డిటెక్టర్ పట్టుకున్నవాడు, పక్కన కుక్క. దారిలో ఏడు కల్వర్టులు. మందుపాతర పెట్టేవాడికి కల్వర్టుని మించిన చోటు లేదు, తవ్వే పనుండదు కదా. అందుకని ఒక్కో కల్వర్టు దగ్గర బోర్లా పడుకుని, టార్చి వేసి, లోపలంతా చూసేవాళ్లం. ఏడోది దాటాక వంద గజాల దూరంలో ఒక పెద్ద చింతచెట్టు. ప్రాణం లేచొచ్చేది ఆ నీడ చూస్తే. బరువులు దించి, నీళ్లు తాగి, అరగంట కూర్చునేవాళ్లం. ఏడు నెలలు అదే చెట్టు, అదే అరగంట.

ఒకరోజు నేను కూర్చోబోతుంటే వెనకనుంచి మా హవల్దార్ భుజం పట్టుకుని లాగాడు. "సాబ్, చింతచెట్టు కింద టేకాకులేంటి?" అన్నాడు.

చూస్తే నిజమే. చింతాకు రాలితే నేలమీద పొట్టు పోసినట్టుంటుంది. అక్కడ మాత్రం చాపంత మేర ఎండు టేకాకులు పరిచి ఉన్నాయి. టేకుచెట్టు ఆ చుట్టుపక్కల లేదు. తవ్విన మట్టి రంగు తేడా కనిపించకుండా పెద్ద ఆకులతో కప్పారన్నమాట. కింద ఉండాల్సినది ఉంది. వైరు రెండువందల అడుగుల అవతల ఒక గుంటదాకా పోయింది. గుంటలో మనిషి లేడు. మేం ఆగిపోయి గుసగుసలాడుకోవడం చూసి లేచిపోయి ఉంటాడు.

మేం వెతికే చోట వాళ్లు పెట్టలేదు చూశావా. వెతకడం అయిపోయింది, ఇక భయం లేదు అనుకుని కూర్చునే చోట పెట్టారు. మాకే తెలియని మా టైమ్‌టేబుల్ వాళ్ల దగ్గర ఉంది.

ఇదేదో మాకే జరిగిన వింత అనుకున్నాను చాలాకాలం. రిటైరయ్యాక ఉత్తర ఐర్లాండ్ గురించి చదివితే తెలిసింది. 1979 ఆగస్టు 27న వారెన్‌పాయింట్ దగ్గర, నీటి ఒడ్డున ఉన్న నారో వాటర్ కోట పక్కనుంచి బ్రిటిష్ సైనికుల వాహనాలు వెళ్తున్నాయి. రోడ్డుపక్కన గడ్డిమోపులు వేసిన ఒక ట్రైలర్ ఆగి ఉంది. బ్రిటన్ పాలన మీద తిరగబడ్డ ఐఆర్ఏ అనే సాయుధ సంస్థ పెట్టిన బాంబు అందులో ఉంది. ఆరుగురు పోయారు. బాంబు పేలాక సైన్యం ఏం చేస్తుంది? దగ్గర్లో అడ్డం దొరికే చోట చేరి, అక్కడినుంచి సహాయం, వైర్‌లెస్, కమాండు అన్నీ నడుపుతుంది. అక్కడ అలా పనికొచ్చేది ఎదురుగా ఉన్న కోట గేటు, దాని రాతి గోడ. అంతకుముందు పేలుళ్లప్పుడు సైన్యం ఏ వరసలో ఏం చేస్తుందో ఐఆర్ఏ వాళ్లు దూరం నుంచి చూసి పెట్టుకున్నారు. రెండో బాంబు ఆ గేటు దగ్గరే పెట్టారు. ముప్పై రెండు నిమిషాల తర్వాత పేల్చారు. ఇంకో పన్నెండుమంది పోయారు. ఆ ముప్పై రెండు నిమిషాలు వాళ్లు గాల్లోంచి పట్టుకున్న లెక్క కాదు. సైన్యం తన పద్ధతి ప్రకారం తను చేసుకుపోతుంటే, చూసి రాసుకున్న లెక్క.

ఆ ప్రాంతంలో సైన్యం కూడా నేర్చుకుంది. దగ్గర్లోని సౌత్ అర్మా అనే సరిహద్దు ప్రాంతంలో రోడ్డు ప్రయాణం దాదాపు మానేసి, మనుషుల్నీ సరుకునీ హెలికాప్టర్లలో మోయడం మొదలుపెట్టారు. బెస్‌బ్రూక్ అనే ఊళ్లో పాత నారమిల్లును స్థావరం చేసుకుంటే, యూరప్‌లోకెల్లా రద్దీగా ఉండే హెలికాప్టర్ స్థావరాల్లో అదొకటైపోయింది. రోడ్డు వదిలేయడమూ పాఠమే. కాకపోతే రోడ్డు మీద ఎవరి మాట చెల్లుతుందో జనానికి తెలిసిపోతుంది. ఆ ఫీజు కూడా కట్టాల్సిందే.

మా చెట్టు విషయానికొస్తే, ఆ రోజు నుంచి ఆకులు చూడటం మొదలుపెట్టాం. ఏ చెట్టు కింద ఏ ఆకు ఉండాలో కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు నేర్పాం. రెండు నెలలు బాగానే సాగింది. తర్వాత దొరికినదాని మీద చక్కగా ఆ చెట్టు ఆకులే పరిచి ఉన్నాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు.

ప్రశ్న: జామర్లు, డ్రోన్లు, రోబోలు ఉన్న సైన్యం ముందు రేడియో షాపులో కొన్న సామాన్లు ఎలా నిలుస్తాయి? డబ్బున్నవాడే గెలవాలి కదా? - ఎలక్ట్రానిక్స్ పని చేసే పాఠకుడు

జవాబు: మీ వృత్తివాళ్లకు ఇది బాగా నచ్చే కథ. ఉత్తర ఐర్లాండ్‌లో మొదట్లో బొమ్మ విమానాలు ఎగరేసే రిమోట్లతో బాంబులు పేల్చారు. సైన్యం ఆ తరంగాలను జామ్ చేసింది. వాళ్లు వేరే తరంగానికి మారారు, తర్వాత కోడు పెట్టారు. సైన్యం దానికీ విరుగుడు తెచ్చింది. ఇలా ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. 1972లో బ్రిటిష్ సైన్యం ఒక ఎలక్ట్రిక్ తోపుడుబండి అడుగుభాగం తీసుకుని బాంబుల దగ్గరికి పంపే మొట్టమొదటి రోబో చేసింది. దాని పేరే వీల్‌బారో. బాంబులు తయారుచేసేవాళ్లు ఊరుకున్నారా? బాంబు నిర్వీర్యం చేయడానికి వచ్చేవాడిని చంపడానికే ప్రత్యేకంగా బాంబులు అల్లారు.

ఇరాక్‌లో జరిగింది ఇంకా చిత్రం. వాహనం ఇంజను వేడిని పసిగట్టి పేలే బాంబులు రోడ్డుపక్కన పెట్టేవాళ్లు. రిమోట్ లేదు కాబట్టి జామర్ పనికిరాదు. అమెరికన్ సైనికులు ఏం చేశారంటే, డీజిల్ ఇంజన్లలో వేడి పుట్టించడానికి వాడే గ్లో ప్లగ్గుని ఒక పెట్టెలో బిగించి, పొడవాటి కడ్డీ చివర పెట్టి, బండి ముందు తగిలించారు. ముద్దుగా రైనో అన్నారు. బాంబు ఆ వేడిని చూసి ముందే పేలి, బండి ముందున్న ఖాళీని కొట్టేది. కోట్లు పోసిన ప్రయోగశాల చేయలేని పని ఒక మెకానిక్ బుర్ర చేసింది. నాకు భలే సంతోషమేసింది చదువుతుంటే. కానీ ఎంతకాలం? అవతలివాళ్లు కడ్డీ పొడవెంతో చూశారు, బాంబు మొహాన్ని అంతమేర వెనక్కి తిప్పి పెట్టారు. అది ముందున్న వేడిని చూసి పేలి, వెనకొచ్చే తలుపుని కొట్టేది. వాళ్లకు కొత్త సామానేం అక్కర్లేకపోయింది.

మీరడిగిన డ్రోన్ల సంగతి. 2009 డిసెంబరులో బయటపడింది. ఇరాక్‌లో పట్టుబడిన సాయుధుల లాప్‌టాపుల్లో అమెరికన్ డ్రోన్లు పంపే వీడియోలే ఉన్నాయి. పై నుంచి తమను చూస్తున్న కన్నుతోనే వాళ్లూ చూసుకుంటున్నారు. అందుకు వాడింది స్కైగ్రాబర్ అనే సాఫ్ట్‌వేర్, ధర ఇరవై ఆరు డాలర్లు. డ్రోన్ కిందికి పంపే వీడియోకి కోడు తాళం వేయలేదు. అలా వదిలేశారని అమెరికా సైన్యానికి 1990లలో బోస్నియా యుద్ధం రోజుల నుంచే తెలుసట. ఆ కొండల్లో, ఆ ఎడారుల్లో ఉండేవాళ్లకు ఇదంతా ఎక్కడ తెలుస్తుందిలే అనుకున్నారు.

ఆ "ఎక్కడ తెలుస్తుందిలే" అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేనూ అన్నాను. ఏడు నెలలు ఒకే చెట్టు కింద కూర్చోవడమంటే ఆ మాట అనడమే.

ప్రశ్న: శత్రువు నుంచి సైన్యం నేర్చుకున్నదానికి మాలాంటివాళ్లకు తెలిసిన ఉదాహరణ ఒక్కటి చెప్పండి. - గృహిణి, క్విజ్ పోటీలు ఇష్టం

జవాబు: కమాండో. ఆ మాటే అరువు తెచ్చుకున్నది తల్లీ. దక్షిణాఫ్రికాలో బోయర్ రైతులు గుర్రాలెక్కి తుపాకులతో కదిలే తమ దళాలను అలా పిలుచుకునేవాళ్లు. 1899 నుంచి 1902 దాకా జరిగిన యుద్ధంలో బ్రిటిష్‌వాళ్లను ముప్పుతిప్పలు పెట్టారు. పత్రికా విలేఖరిగా వెళ్లిన కుర్ర చర్చిల్ వాళ్లకు బందీగా చిక్కాడు కూడా. 1940లో ఆయనే ప్రధాని. జర్మన్ల మీద మెరుపుదాడులకు కొత్త దళాలు కట్టినప్పుడు, దక్షిణాఫ్రికాలో పుట్టిన డడ్లీ క్లార్క్ అనే అధికారి ఆ పాత శత్రువుల పేరే సూచించాడు. ఇప్పుడు ప్రపంచమంతా అదే పేరు. క్విజ్‌లో అడిగితే నా పేరు చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: ఎవరు తొందరగా నేర్చుకుంటారు - ప్రభుత్వమా, తిరుగుబాటుదారులా? - రాజనీతిశాస్త్రం చెప్పే లెక్చరర్

జవాబు: మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు: చిన్న దళం తొందరగా మారుతుంది, పెద్ద సైన్యం ఏనుగులా తిరుగుతుంది అని. అందులో నిజముంది. నేర్చుకోనివాడు ఆ దళంలో బతకడు. మనం నెమ్మదైనవాళ్లను పట్టుకుంటూ, చంపుతూ పోతే మిగిలేది చురుకైనవాళ్లే. మనమే వాళ్లకు సెలక్షన్ పరీక్ష పెట్టినట్టు.

కానీ సైన్యం నేర్చుకోదన్నది నేను ఒప్పుకోను. కింద ఉన్నవాడు ఆ రోజు సాయంత్రానికే నేర్చుకుంటాడు. అది కాగితమెక్కి పైకి పోయి, మళ్లీ కాగితమై కిందికి రావడంలోనే తెల్లారిపోతుంది. టేకాకుల సంగతి మా హవల్దార్ చెబితే నేనే చేత్తో రిపోర్టు రాశాను. ఒకటిన్నర పేజీ. ఆకుల బొమ్మలు కూడా వేశాను. పైనున్న ఒక ఆఫీసుకు వెళ్లింది. ఎనిమిది నెలల తర్వాత సర్క్యులర్ వచ్చింది: "తనిఖీ సమయంలో సహజ పరిసరాలకు భిన్నమైన వృక్ష పదార్థాలను గమనించవలెను." టేకు లేదు, చింత లేదు. చదివిన కుర్రాడికి ఒక్క ముక్క అర్థం కాదు. పైగా అప్పటికి అవతలివాళ్లు టేకాకులు మానేసి ఆరు నెలలైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మరీ అక్షరాలా ఇదే.

ఇంకో జబ్బు మరిచిపోవడం. అడుగుభాగాన్ని ఇంగ్లిష్ వీ అక్షరంలా మడిస్తే పేలుడు పక్కలకు చీలిపోయి లోపలివాళ్లు బతుకుతారని రొడీషియా (ఇప్పటి జింబాబ్వే), దక్షిణాఫ్రికాల్లో 1970లలోనే తేలిపోయింది. కాస్పిర్ అనే బండి అలా వచ్చిందే. దాంట్లో నేనూ కూర్చున్నాను, నడుములు పోతాయి గానీ కాళ్లు దక్కుతాయి. ఇరాక్‌లో అమెరికన్ సైనికులు చదును అడుగున్న బండ్లలో తిరిగి చచ్చిపోతుంటే, ఆ తరహా బండ్లు వేలల్లో తెప్పించడానికి 2007 దాకా పట్టింది. ఎవరికీ తెలియక కాదు. ఈ యుద్ధం రేపో మాపో అయిపోతుంది, మళ్లీ ఇలాంటిది చేయబోం అనుకున్నారు. వియత్నాం తర్వాత కూడా అలాగే అనుకుని గెరిల్లా యుద్ధం పాఠాలను అటకెక్కించారు.

తలుచుకుంటే మారగలరు కూడా. ఇరాక్‌లో మెక్‌క్రిస్టల్ అనే జనరల్ కింద ప్రత్యేక దళాలు 2004 ఆగస్టులో నెల మొత్తం మీద చేసిన దాడులు పద్దెనిమిది. రెండేళ్లు తిరిగేసరికి అదే నెలలో మూడువందలు. మనుషులు అంతకంత పెరగలేదు. ఒక ఇంట్లో దొరికిన ఫోనూ కాగితాలూ వారాలపాటు గోనెసంచుల్లో మూలిగే పద్ధతి తీసేసి, ఆ రాత్రే చదివి ఆ రాత్రే ఇంకో ఇంటికి పోయేలా చేశారు. పై అధికారి సంతకం కోసం చూడకుండా కిందివాడే నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ ఇచ్చారు. అల్‌ఖైదా తీరు చూసే, అలాంటి గొలుసును పట్టాలంటే మనమూ గొలుసుగా మారాలని ఆయన అన్నాడు.

అదే సమయంలో అవతల ఏం జరుగుతోందో తెలుసా అండీ? 2007 అక్టోబరులో సిరియా సరిహద్దు దగ్గర సింజార్‌లో ఒక స్థావరం మీద దాడి చేస్తే, ఇరాక్‌లోని అల్‌ఖైదా వాళ్ల దరఖాస్తు ఫారాలు దొరికాయి. ఆరువందల మందికి పైగా విదేశీ ఫైటర్ల వివరాలు: పేరు, ఊరు, ఎవరు పంపారు, ఎంత డబ్బు తెచ్చాడు. దళం పెద్దదయ్యాక దానికీ ఆఫీసు కావాల్సివచ్చింది. డబ్బు ఎవరు తిన్నారో తేలాలంటే లెక్క రాయాలి, రాస్తే కాగితం మిగలాలి, మిగిలితే దొరకాలి. సైన్యం గెరిల్లాలా మారుతున్న రోజుల్లోనే గెరిల్లా గుమాస్తాలా మారాడు. మా రెజిమెంటు క్లర్కు గుర్తొచ్చి నవ్వాగలేదు నాకు.

ప్రశ్న: మీరు ఇదంతా చదరంగం ఆటలా చెబుతున్నారు. నేర్చుకునేవాటిలో క్రూరత్వం కూడా ఉంటుంది కదా? దాని గురించి రాయరేం? - ఒక పాఠకురాలు

జవాబు: సరిగ్గా పట్టుకున్నారమ్మా. పనితనం మీద ఇష్టంతో నేను ఆ పక్కకు జారిపోతుంటాను.

ఫ్రెంచివాళ్ల కథ చూడండి. 1954 మేలో వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూలో ఓడిపోయి, వేలమంది అక్కడి కమ్యూనిస్టుల పోరాట సంస్థ వియత్‌మిన్ చేతిలో బందీలయ్యారు. క్యాంపుల్లో వాళ్లకు రోజూ రాజకీయ పాఠాలు. బయటికొచ్చిన కొందరు అధికారులు, మనం ఓడింది తుపాకుల దగ్గర కాదు, జనాన్ని పట్టుకోవడం దగ్గర అని తేల్చుకుని మావోని శ్రద్ధగా చదివారు. అదే ఏడాది నవంబరు 1న అల్జీరియాలో తిరుగుబాటు మొదలైంది. ఈసారి మేం నేర్చుకుని వచ్చాం అనుకుంటూ దిగారు. జనంలో ప్రతి మనిషీ ఎవరికి చుట్టమో, ఏ గొలుసులో ఎక్కడున్నాడో తెలుసుకోవాలన్న పాఠం మటుకు వంటబట్టింది. 1957లో అల్జీర్స్ నగరంలో దాన్ని అమలు చేసిన పద్ధతి చిత్రహింస. నగరంలో బాంబులు ఆగాయి. ఫ్రాన్సులో జనం మనసు విరిగింది, అల్జీరియాలో మధ్యస్థంగా ఉన్నవాడెవడూ మిగల్లేదు. 1962లో దేశమే వదిలి రావాల్సివచ్చింది. ఆ పద్ధతులు మటుకు ఆగలేదు, పాఠ్యాంశాలై అర్జెంటీనా దాకా పోయాయి.

నాకు అంతకంటే భయం పుట్టించింది 1958 నాటి సంగతి. ఫ్రెంచి కెప్టెన్ లెజే ఒక విషయం గమనించాడు: గెరిల్లాలు తమలో ద్రోహులున్నారేమోనని సదా భయపడుతుంటారు. ఆ భయం వాళ్లకు ఫ్రెంచి ఇన్ఫార్మర్లే నేర్పారు. దాన్నే వాడుకుని దొంగ ఉత్తరాలు, లీకులు అందేలా చేశాడు. అమిరూష్ అనే గెరిల్లా కల్నల్ నమ్మి, తన మనుషుల్నే వరసపెట్టి విచారించి చంపించాడు. అందులో ఎక్కువమంది పట్నం నుంచి వచ్చిన చదువుకున్న కుర్రాళ్లు. పోయినవాళ్లు వందల్లో, కొందరి లెక్కలో వేలల్లో. అంతమందిని చంపడానికి ఫ్రెంచివాళ్లకు ఒక్క తూటా ఖర్చు కాలేదు.

మలయాలో (ఇప్పటి మలేసియాలో భాగం) బ్రిటిష్‌వాళ్లది కొంత మెతక చేయి అంటారు. అదీ చూద్దాం. అడవిలోని కమ్యూనిస్టులకు బియ్యం అడవి అంచున ఉండే చైనీయుల నుంచి వెళ్తుందని కనిపెట్టి, 1950 నుంచి దాదాపు ఐదు లక్షల మందిని లేపి, ముళ్లకంచె వేసిన కొత్త ఊళ్లలో పెట్టారు. దుకాణంలో డబ్బా తిండి కొంటే అక్కడికక్కడే కన్నం పెట్టి ఇచ్చేవాళ్లు, దాచడానికి లేకుండా. కొన్నిచోట్ల బియ్యం అమ్మకమే ఆపి, ఉమ్మడి వంటశాలలో అన్నం వండి పెట్టారు. బియ్యమైతే నెలలుంటుంది, ఆ ఉక్కకి అన్నం సాయంత్రానికే పాచిపోతుంది. ఎంత తెలివి! ఆ తెలివి గల పద్ధతిలో తన ఇంట్లో తను అన్నం వండుకోలేని తల్లి ఎలా ఉండి ఉంటుందో ఏ రిపోర్టులోనూ నాకు కనిపించలేదు. అవతల కమ్యూనిస్టులూ 1951లో, జనాన్ని బెదిరించడం, బస్సులు తగలబెట్టడం తమకే నష్టమని గుర్తించి తగ్గించుకోమని ఆదేశాలిచ్చారు. ఈ ఒక్కచోట ఇద్దరూ జనం వైపు ఒక అడుగు వేశారు, వేరే వేరే కారణాలతో. అప్పటికే చాలామంది పోయారు.

ఇంకో మాట. ఆ కమ్యూనిస్టు నాయకుడు చిన్ పెంగ్‌కి రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మీద పోరాడినందుకు బ్రిటన్ ఓబీఈ బిరుదు ఇచ్చింది. అడవిలో ఎలా బతకాలో, ఎలా మాటు వేయాలో అతని మనుషులకు తర్ఫీదు, తుపాకులు ఇచ్చినవాళ్లలో బ్రిటిష్ అధికారులూ ఉన్నారు.

ప్రశ్న: జైళ్లలో పెడితే నేర్చుకోవడం ఆగుతుందిగా? - పేరు రాయలేదు

జవాబు: ఎక్కువవుతుంది. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఐరిష్‌వాళ్లను దాదాపు పద్దెనిమిది వందల మందిని వేల్స్‌లోని ఫ్రాంగాక్ శిబిరంలో పెట్టారు. అప్పటిదాకా ఒకరికొకరు తెలియని ఊళ్లవాళ్లు అక్కడ కలిశారు. మైకేల్ కాలిన్స్ అందులోనే ఉన్నాడు. ఆ ఏడాది చివరికల్లా అందరినీ వదిలేశారు. తర్వాత జరిగిన యుద్ధానికి కావాల్సిన పరిచయాలన్నీ సర్కారు ఖర్చుతో అయిపోయాయి. ఇరాక్‌లో అమెరికన్లు బందీలను ఉంచిన బుకా క్యాంపు కూడా అంతే. తర్వాత ఐఎస్ఐఎస్ నాయకుడైన అబూ బకర్ అల్ బగ్దాదీ 2004లో అక్కడ ఉండి వచ్చినవాడే.

ప్రశ్న: మన గ్రేహౌండ్స్ గురించి రాయకుండా ఈ వ్యాసం పూర్తవుతుందా? - రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: పూర్తవదు. కానీ నేను సైన్యంవాణ్ని, అది పోలీసుల పని. బయటినుంచి చూసినంతవరకే చెబుతాను. 1989లో కె.ఎస్. వ్యాస్ అనే ఐపీఎస్ అధికారి ఆ దళాన్ని కట్టారు. అంతకుముందు జీపుల్లో వెళ్లి, మందుపాతర మీద పడి, మాటులో చిక్కిన పోలీసుల అనుభవమే దాని పునాది. కొత్త దళం వాహనం వదిలేసింది. చిన్న చిన్న జట్లు, రోజులకు సరిపడా తిండి మోసుకుంటూ నడక, రాత్రివేళ కదలిక. నక్సలైట్ ఎలా బతుకుతాడో అలా బతకడం. ముల్లుని ముల్లుతో తీయడమని అందరూ అంటారు గానీ, ముల్లుగా మారడం ఎంత కష్టమో అడవిలో నాలుగు రాత్రులు తడిసినవాడికి తెలుస్తుంది.

అటువైపువాళ్లూ చూస్తూనే ఉన్నారు. 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తుండగా వ్యాస్‌ను పీపుల్స్‌వార్ వాళ్లు కాల్చి చంపారు. అడవిలో అలవాట్లు మానమని మనుషులకు నేర్పిన ఆయనకు ఊళ్లో ఒక అలవాటు మిగిలింది. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ పడవ మీద కొండపైనుంచి మావోయిస్టులు కాల్పులు జరిపారు. 38 మంది పోయారు. ఏళ్ల తరబడి వాహనం ఎక్కనివాళ్లు ఆ రోజు పడవ ఎక్కారు. రోడ్డు మీద జీపు ఎంతో నీటి మీద పడవా అంతే. ఇది తప్పుపట్టడానికి రాయడం లేదు. నడిచి నడిచి అలసిపోయినవాడికి పడవ కనిపిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. చింతచెట్టు నీడలా ఉంటుంది.

ప్రశ్న: అంకుల్, మీరు ఎప్పుడైనా అవతలి పక్షంవాణ్ని ఎదురుగా కలిసి మాట్లాడారా? - పదో తరగతి విద్యార్థి, మా నాన్న కూడా ఆర్మీ

జవాబు: ఒకసారి నాన్నా. ఒక కుర్రాడు లొంగిపోయి వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. దారులు చూపించడానికి మూడు వారాలు మాతో ఉంచారు. మొదటి వారం ఒక్క మాట లేదు. తర్వాత ఒక మధ్యాహ్నం నేనే అడిగాను, చింతచెట్టు కింద పెట్టింది ఎవర్రా అని. తనే గుంట దగ్గర కాపలా ఉండేవాణ్నన్నాడు. మందు పెట్టింది వేరేవాళ్లట, మమ్మల్ని చూసి లెక్క చెప్పడం వీడి పని. నలభై రోజులు చూశాడట.

"అరగంట కూర్చుంటామని ఎలా తెలిసింది? కొన్నిరోజులు ఐదు నిమిషాల్లో లేచిపోయేవాళ్లం కదా?" అన్నాను.

"పొడుగ్గా ఉండే ఒకాయన ఉండేవాడు. ఆయన వచ్చి కూర్చుని బూట్ల లేసు విప్పితే అరగంట ఖాయం. విప్పకపోతే వెంటనే లేస్తారు. మేం ఆయన చేతులే చూసేవాళ్లం," అన్నాడు.

అంత ఎండలోనూ నా వీపు చల్లబడింది. కాళ్లు ఆరబెట్టుకోవడం నా అలవాటు. నేను ఊరుకోలేక, "మీ వైరు ఎప్పుడూ తూర్పు నుంచే వచ్చేది. పొద్దున పూట ఎండ మా కళ్లలో పడాలి, మీ వీపు మీద ఉండాలి. అది కనిపెట్టాక మేం ముందు తూర్పు గుంటలే వెతికేవాళ్లం," అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. ఆ సంగతి తమకెవరికీ తట్టలేదన్నాడు. ఎండకి చేయి అడ్డం పెట్టుకోవడం ఇష్టంలేక అటు కూర్చునేవాళ్లమేగానీ అందులో లెక్కేమీ లేదన్నాడు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత వాడు నా బూట్లకేసి చూశాడు. లేసులు విప్పి ఉన్నాయి.